చుక్క చుక్కకీ లెక్క

*చెన్నై గొంతు తడిపే కృష్ణా జలం రాయలసీమ దాటే వస్తుంది. ఆ సీమలోనే లక్షల ఎకరాల వేరుశనగ ఏటా వాన కోసం కాచుకుని ఉంటుంది. ఆ పంట ఏ దశలో ఎంత తాగి ఎంత కాయ ఇస్తుందో తేల్చిన శాస్త్రం, అది చేను దాకా నడిచిన దారి... ఈ వారం ముఖచిత్ర కథనం.*

2019 జూన్. చింతాద్రిపేట సందుల్లో తెల్లారీ తెల్లారకముందే బిందెలు బారు తీరాయి. ఎరుపు, నీలం, పచ్చ, నారింజ... అన్నీ ప్లాస్టిక్ బిందెలే. ఎవరిది ఏదో తెలియడానికి మెడకు గుడ్డపీలిక చుట్టినవి కొన్ని, గోళ్లరంగుతో గుర్తు పెట్టినవి కొన్ని. "అక్కా, ఇది నాది. కాస్త చూస్తుండు, పిల్లాడికి ఇడ్లీ పెట్టేసి వస్తా" అంటూ ఒకామె పరుగెడుతోంది. "సరేమ్మా, సీక్రం వా, లారీ వచ్చేస్తది" అని ఇంకొకామె తెలుగూ తమిళమూ కలగలిపి హెచ్చరిస్తోంది. లారీ మలుపు తిరిగిందో లేదో, వరస కాస్తా గుంపైపోయింది. నాలుగు బిందెలు దక్కినవాళ్లకు ఆ రోజు గడిచినట్టే.

ఈ సందులకు కూతవేటు దూరంలో పంపింగ్ స్టేషన్ రోడ్డు ఉంది. అక్కడ ఒకటో నంబరు చిరునామా చెన్నై మెట్రో వాటర్ ప్రధాన కార్యాలయానిది. 1978లో ఏర్పడిన ఈ బోర్డే నగరమంతటికీ నీళ్లు పంచుతుంది. ఆ జూన్‌లో నగరం నమ్ముకున్న పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం చెరువులు నాలుగూ దాదాపు అడుగంటాయి. జులై 12న జోలార్‌పేట నుంచి యాభై వ్యాగన్ల నీళ్ల రైలు విల్లివాక్కం చేరింది. మంత్రులు ఎదురెళ్లారు, టీవీ కెమెరాలు బారులు తీరాయి.

చింతాద్రిపేట నీటి ఒడ్డున పుట్టిన పేట. 1734లో ఈస్టిండియా కంపెనీ కూవం నది వంపులో, సుంకు రామ తోటలో, నేతగాళ్ల కోసం ఈ ఊరు కట్టించింది. నూలు వడికేవాళ్లు, నేసేవాళ్లు, అద్దకంవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు అందరికీ పక్కనే పారే నీరు కావాలి. ఆ కూవం ఇప్పుడు చెయ్యి కడుక్కోవడానికి కూడా పనికిరాదు. అందుకే ఎండలు ముదిరాయంటే చాలు, ఇక్కడి తెలుగు ఇళ్లలో ఒకటే మాట: "కృష్ణా నీళ్లు వదిలారా?"

కృష్ణమ్మ నడిచొచ్చే దారి

1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు తెలుగుగంగ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పుడు అక్కడ ఎన్టీఆర్, ఇక్కడ ఎమ్జీఆర్ ముఖ్యమంత్రులు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తమ వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు ఇవ్వాలి. దారిలో ఆవిరైపోయేది పోగా 12 టీఎంసీలు తమిళనాడు సరిహద్దుకు చేరాలి. శ్రీశైలంలో బయల్దేరిన నీరు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు దాటి ఊత్తుకోట దగ్గర తమిళనాడులో అడుగుపెట్టి పూండి చెరువులో కలుస్తుంది. సంతకాలకూ తొలి నీటికీ మధ్య పదమూడేళ్లు పట్టింది. 1996లో గానీ కృష్ణమ్మ చెన్నై చేరలేదు. పూర్తి 12 టీఎంసీలు అందిన ఏళ్లు ఇప్పటికీ అరుదే.

ఆ కాలువ కర్నూలు, కడప, నెల్లూరు ప్రాంతాల మీదుగా దిగుతుంది. దానికి పడమట అనంతపురం ఉంది. అక్కడ ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో నైరుతి రుతుపవనం ఇచ్చేది 340కి అటూఇటూ. పడమటి కనుమలు అరేబియా మేఘాన్ని అడ్డుకుంటాయి. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం అంత దూరం వచ్చేసరికి నీరసిస్తుంది. దేశంలో జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దానికి పేరు పడింది. హంద్రీ-నీవా కాలువ వచ్చాక కొన్ని చెరువులకు కృష్ణా నీరు చేరుతున్నా, వేరుశనగ చేలలో చాలా భాగం ఇప్పటికీ వానదేవుడి దయ మీదే.

అయినా ఒక దశలో ఆ ఉమ్మడి జిల్లా ఒక్కటే 7 లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగ వేసింది. లోతు లేని ఎర్రనేల, అరకొర వాన, అప్పు తెచ్చి కొన్న విత్తనం. నగరానికి నీరు తక్కువైతే లారీ వస్తుంది, రైలు వస్తుంది. చేనుకు ఎక్కడి నుంచీ రాదు. కాబట్టి అక్కడ ప్రశ్న వేరు: దక్కిన కాస్త నీటితోనే ఎక్కువ పండించడం ఎలా?

> బాక్స్: ఒక తడి విలువ
>
> ● ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే సుమారు 4,000 లీటర్లు.
>
> ● 9,000 లీటర్ల నీళ్ల లారీని ఎకరంలో పారబోస్తే రెండు మిల్లీమీటర్ల వానకు కాస్త ఎక్కువ. నేల పైపొర తడిసేసరికి సరి.
>
> ● జోలార్‌పేట రైలు ఒక విడతలో తెచ్చింది సుమారు 25 లక్షల లీటర్లు. 20 మిల్లీమీటర్ల తడి చొప్పున అది 30 ఎకరాలకు సరిపోతుంది.
>
> ● ఒక టీఎంసీ అంటే సుమారు 2,830 కోట్ల లీటర్లు. అదే కొలతన మూడున్నర లక్షల ఎకరాలకు ఒక తడి.

ఎంత వాన కాదు, ఎప్పటి వాన?

హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ ఏర్పడింది. మెట్ట పంటల మీద పరిశోధనలు చేసే అంతర్జాతీయ సంస్థ అది. 1980ల తొలినాళ్లలో అక్కడ ఆర్.సి. నాగేశ్వరరావు అనే శాస్త్రవేత్త వేరుశనగకు పనిగట్టుకుని కరువు తెప్పించడం మొదలుపెట్టారు. వానలు వెనకబట్టాక పంట వేయించి, నీటి పగ్గాలు తమ చేతిలో పెట్టుకున్నారు. చేను మధ్యలో ఒక వరసగా స్ప్రింక్లర్లు పెడితే దగ్గరి మొక్కకు నిండా నీరు అందుతుంది, దూరం వెళ్లేకొద్దీ తగ్గుతుంది. ఒకే చేలో తడి నుంచి పొడి దాకా అన్ని మెట్లూ కనిపిస్తాయి. ఇక ఒక మడికి పూతకు ముందు నీరు ఆపారు. ఇంకోదానికి ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) దిగేటప్పుడు, మరోదానికి కాయ ఊరేటప్పుడు ఆపారు.

వచ్చిన ఫలితం రైతు భయానికి అడ్డంగా నిలబడింది. పూతకు ముందు నీరు ఆపి, తర్వాత సరిగా పెట్టిన మడుల్లో దిగుబడి పడిపోలేదు సరికదా, మొదటి నుంచీ తడుపుతూ వచ్చిన మడుల కంటే పెరిగింది! తొలినాళ్ల బెట్టకు మొక్క ఆకూ కాండమూ పెంచడం తగ్గించి వేరు మీద ధ్యాస పెడుతుంది. నీరు అందగానే పూత ఒక్కసారిగా విచ్చుకుంటుంది, ఊడలూ దాదాపు కలిసికట్టుగా దిగుతాయి, కాయలు ఒకే ఈడున ముదురుతాయి. అదే నీరు కాయ ఊరే దశలో ఆపితే మాత్రం దెబ్బ గట్టిది. ఎంత లోటుంటే అంత కోత.

విత్తిన మూడు వారాలకు వాన మొహం చాటేస్తే రైతు గుండె దడదడలాడుతుంది. కుంటలో ఉన్న కాసిని నీళ్లూ అప్పుడే తోడేయాలనిపిస్తుంది. పటాన్‌చెరు మడులు చెప్పింది ఏమిటంటే, ఆ నీరు దాచుకో, నీ పంటకు అసలు దాహం ముందుంది అని. పంట కుంటలు తవ్వించినా, 2016 ఆగస్టులో అనంతపురం చేలలోకి ప్రభుత్వం రెయిన్‌గన్‌లు దించినా, వాటి వెనక ఉన్న ఆలోచన ఇదే: ఒక్క తడే పెట్టగలిగితే అది ఏ రోజు పెట్టాలి?

> బాక్స్: వేరుశనగకు దాహం ఎప్పుడు?
>
> మొదటి 25 రోజులు: మొలక, ఆకు. ఓ మోస్తరు బెట్టకు బెదరదు.
>
> 25 నుంచి 50 రోజులు: పూత, ఊడలు. పైమట్టి గుల్లగా, తేమగా ఉండాలి. గట్టిబడితే ఊడ నేలలోకి దిగదు.
>
> 50 నుంచి 90 రోజులు: కాయ ఊరడం. ఇప్పుడు నేల ఎండితే కాయ ఉంటుంది, లోపల పప్పు ఉండదు. పైగా ఆఖరి దశలో బెట్ట తగిలిన కాయకు అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పట్టే ముప్పు ఎక్కువ. ఆ కాయ పట్నంలో పచ్చడి దాకా వస్తుంది.
>
> (రోజులు రకాన్ని బట్టి కొద్దిగా మారతాయి.)

ఆకు మందంలో దొరికిన ఆనవాలు

పంట వేళను బట్టి నీరు పెట్టడం ఒక దారి. నీటిని పొదుపుగా వాడుకునే మొక్కను ఎంచుకోవడం రెండో దారి. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ పాసియురా 1977లో ఒక చిన్న సూత్రం చెప్పారు. దాన్ని ఇంటి లెక్కలో చెప్పుకోవచ్చు: వచ్చిన రాబడి ఎంత, దాన్ని ఎంత ఒడుపుగా వాడారు, చివరికి పిల్లల పేరిట ఎంత మిగిల్చారు. పంటకు ఈ మూడూ ఏమిటంటే తాగిన నీరు, ఆ నీటితో పెరిగిన పెరుగుదల, ఆ పెరుగుదలలో కాయకు చేరిన వాటా. మూడింటినీ గుణిస్తే దిగుబడి.

మధ్యది కొలవడమే చిక్కు. మొక్క తాగిన నీటిని చేలో తూచడం ఎలా? కాన్‌బెర్రాలో గ్రాహమ్ ఫార్కర్ బృందం 1980లలో ఒక ఉపాయం చూపింది. గాలిలోని కార్బన్‌లో నూటికి ఒక వంతు కాస్త బరువైనది. ఆకు రంధ్రాలు బార్లా తెరిచి నీరు దుబారా చేసే మొక్క ఆ బరువైన కార్బన్‌ను ఎక్కువగా వదిలేస్తుంది. పొదుపరి మొక్క అంతగా వదలదు. కాబట్టి ఎండిన ఆకును పరీక్షిస్తే ఆ మొక్క బతికినన్నాళ్లూ నీటిని ఎలా వాడిందో బయటపడుతుంది. ఉపాయం గొప్పదే కానీ, పరీక్షకు కావాల్సిన యంత్రం ఖరీదైనది. వేల మొక్కల్లోంచి ఒకదాన్ని ఏరుకోవాల్సిన విత్తన పరిశోధకుడికి అది అందేది కాదు.

ఇక్కడే నాగేశ్వరరావు రెండో మలుపు. క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలో కింగరాయ్ ఆస్ట్రేలియా వేరుశనగకు పెట్టింది పేరు. అక్కడ గ్రేమ్ రైట్‌తో కలిసి ఆయన 1994లో ప్రచురించిన ఫలితం ఇది: ఆకు మందానికీ ఆ కార్బన్ లెక్కకూ గట్టి చుట్టరికం ఉంది. మందపాటి ఆకున్న రకం అదే నీటితో ఎక్కువ పెరుగుతుంది. వాతావరణం మారినా ఆ చుట్టరికం చెదరలేదు. 2001లో ఇంకో అడుగు పడింది. ఆకుపచ్చదనాన్ని కొలిచే స్పాడ్ మీటర్ అనే జపాన్ పరికరం ఉంది. ఆకును క్లిప్పులా పట్టుకుని క్షణంలో ఒక అంకె చూపుతుంది. ఆ అంకెతోనే ఆకు మందాన్ని అంచనా కట్టవచ్చని ఆయన బృందం తేల్చింది. ప్రయోగశాలలో పెద్ద యంత్రం చేసే పనిలో కొంత భాగం అలా జేబులో పట్టే పరికరం చేతికి వచ్చింది. విత్తన పరిశోధకులు చేలో నడుస్తూ, కొమ్మ చివరి నుంచి రెండో ఆకునో మూడో ఆకునో పట్టుకుని మొక్కలను ఏరడం మొదలైంది.

ఇప్పుడు ఆస్ట్రేలియా వ్యవసాయ వర్గాలు ఆయన్ను రావ్ రాచపూటి అని పిలుస్తాయి. పటాన్‌చెరులో మొదలైన పని కింగరాయ్ మీదుగా మళ్లీ మన నేలకే వచ్చింది. ఆస్ట్రేలియా ప్రభుత్వ సాయంతో ఇక్రిశాట్, భారత వ్యవసాయ పరిశోధన మండలి, వ్యవసాయ విశ్వవిద్యాలయాలు కలిసి బెట్టను తట్టుకునే వేరుశనగ కోసం పనిచేశాయి.

మొక్క లెక్క అంత తేలిక కాదు

ఆ ఉమ్మడి పరిశోధన ఒక నిక్కచ్చి పోటీ పెట్టింది. ఒకవైపు ఆకు మందం, నీటి పొదుపు వంటి గుణాలు కొలిచి మొక్కలను ఏరారు. మరోవైపు పాత పద్ధతిలో కాయ దిగుబడి చూసి ఏరారు. ఎస్.ఎన్. నిగమ్ తదితరులు 2005లో ప్రచురించిన ఫలితం ప్రకారం, కొత్త పద్ధతి ప్రతిచోటా పాతదాన్ని ఓడించలేదు. నీటిని పొదుపుగా వాడే రకాల్లో కొన్ని ఆ పొదుపునంతా ఆకుకూ కాండానికీ ఖర్చుపెట్టి, కాయకు తక్కువ పంపుతున్నాయి. మూడు లెక్కల్లో ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గుతోంది.

తర్వాత ఇక్రిశాట్‌లోనే విన్సెంట్ వాదే బృందం మీటరుకు మించిన పొడవున్న గొట్టాల్లో మట్టి నింపి, మొక్కలు పెంచి, ఆ గొట్టాలను క్రేన్‌తో లేపి తూచింది. బరువు ఎంత తగ్గిందో మొక్క అంత తాగినట్టు. పలు పంటల్లో వారికి తరచుగా కనిపించిన సంగతి: మొత్తం ఎంత తాగిందన్నది కాదు, గింజ కట్టే వేళకు ఎంత మిగుల్చుకుందన్నదే పంటను నిలబెడుతోంది. స్ప్రింక్లర్ల మడుల్లో ముప్పై ఏళ్ల ముందు కనిపించిన సంగతినే గొట్టాల తూకం మరో దారిన బలపరిచింది.

వీటన్నిటి నుంచి సామాన్యుడు తెలుసుకోవాల్సింది ఒక్కటే. కరువును జయించే అద్భుత విత్తనం అంటూ ఏదీ లేదు. నీరు లేకుండా ఏ మొక్కా పండదు. బెట్టను తట్టుకునే రకం దక్కిన నీటిని దండగ చేయదు, అంతే. ఆ కాస్త తేడాయే పెట్టుబడి తిరిగి రావడానికీ, కూలి కోసం బెంగళూరు బస్సెక్కడానికీ మధ్య తేడా.

అరవై ఏళ్ల గింజ

అయితే ఇన్ని కొత్త రకాలు వస్తే అనంతపురం ఏం విత్తింది? చాలా కాలం టీఎంవీ-2. ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో, చెన్నైకి దక్షిణాన ఉన్న తిండివనం పరిశోధన కేంద్రం 1940లో ఇచ్చిన రకం అది. గుడియాత్తం ప్రాంతపు వేరుశనగలోంచి ఏరిన గింజ. మంచి గింజే. కానీ అరవై ఏళ్లు గడిచినా ఆ చేలలో దానిదే రాజ్యం.

రైతు మొండివాడై కాదు. వేరుశనగ విత్తనం బరువు లెక్క వేరు. పత్తి అయితే ఒక చిన్న ప్యాకెట్ ఎకరానికి సరిపోతుంది. వేరుశనగ గింజలు ఎకరానికి అరవై కిలోల దాకా కావాలి. ఒక ఎకరం పంటతో మరుసటేడు ఎనిమిది పదెకరాలు విత్తగలిగితే గొప్ప. నూనెగింజ కాబట్టి నిల్వలో మొలకశక్తి త్వరగా పోతుంది. రైతు తన పంటనే విత్తనంగా దాచుకోగలడు కనుక ప్రైవేటు కంపెనీలకు లాభం తక్కువ. కొత్త రకం పరిశోధన కేంద్రం గేటు దాటి ఊళ్లకు చేరాలంటే ఎవరో ఒకరు ఏళ్ల తరబడి మోయాలి.

అందుకే జూన్ వచ్చిందంటే అక్కడా ఒక వరస కనిపిస్తుంది. సబ్సిడీ విత్తనం కోసం పాసుపుస్తకాలు పట్టుకుని, ఎండలో నిలబడలేక చెప్పులనూ రాళ్లనూ తమ వంతుగా వరసలో పెట్టి, చెట్టు నీడన కూర్చున్న రైతులు. మూట దక్కాక కూడా అది ఏ రకమో, ఎంత మొలుస్తుందో నేలలో పడితేగానీ తేలదు.

రైతే పరీక్షకుడైతే...

ఈ ముడి కాస్త సడలింది రైతును పరిశోధనలోకి పిలిచినప్పుడు. 2000ల మొదట్లో ఇక్రిశాట్, అనంతపురంలోని రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు చెందిన విభాగంతో కలిసి రైతుల చేలలోనే రకాలను పక్కపక్కన వేయించింది. తీర్పు రైతులదే. వాళ్లు కాయను మాత్రమే చూడలేదు. మేతకు కట్టె ఎంత వచ్చింది, పశువులు తింటున్నాయా, ఎన్నాళ్లకు కోతకు వచ్చింది, ఇవన్నీ చూశారు. వాన తప్పిన ఏట ఇంటిని నడిపేది పాలడబ్బే కాబట్టి మేత వాళ్లకు చిన్న విషయం కాదు. అలా నెగ్గినది ఐసీజీవీ 91114. సుమారు 90 నుంచి 95 రోజుల్లో కోతకు వస్తుంది. మధ్యలో బెట్ట వచ్చినా తట్టుకుంటుంది. మేతా బాగుంటుంది. 2006లో అది ఆంధ్రప్రదేశ్‌లో విడుదలైంది. కదిరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన కదిరి-6, తర్వాతి కదిరి లేపాక్షి కూడా రైతుల నోట నానుతున్న పేర్లే.

ఈలోగా సీమ తీరూ మారుతోంది. వేరుశనగ విస్తీర్ణం బాగా తగ్గింది. కంది, ఆముదం, పత్తి, చీనీ తోటలు ఆ చోటు తీసుకుంటున్నాయి. కొందరికి ఇది తెలివైన మళ్లింపు. బోరు మీద బోరు వేసి అప్పుల్లో దిగినవాళ్లకు మరో ఊబి. అసలు ఏ పంట వేయాలన్న ప్రశ్న కూడా చివరికి నీటి లెక్కే.

పట్నానికి ఏం పని?

చెన్నై నీళ్ల మీద సీమ రైతుకు అసూయ లేదు, ఉండాల్సిన పనీ లేదు. తాగునీరు ముందు, ఆ తర్వాతే ఏదైనా. అయితే చింతాద్రిపేట ఇంట్లో ఇడ్లీలోకి చేసిన పల్లీ చట్నీ వెనకా, మూకుడులో నూనె వెనకా ఎక్కడో ఒక మెట్టచేను తాగిన వాన ఉంది. ఆ వానకు విలువ కట్టేది మార్కెట్ ధరే. ఆ ధర కాస్త పెరిగితే గొడవ చేసే మనం, ఆ పంటకు కరువు వచ్చిన ఏడు ఒక్క మాటా మాట్లాడం.

చేయాల్సినవి కొత్తవేమీ కావు. వేరుశనగ వేసే ప్రతి మండలంలో కొన్ని ఊళ్లను విత్తన గ్రామాలుగా నిలిపి, బెట్టను తట్టుకునే రకాలను అక్కడే పెంచి, ఏరువాకకు ముందే చుట్టుపక్కలకు పంచాలి. కుంటలోని నీటిని కాయ ఊరే దశకు దాచుకోమని రైతు సేవా కేంద్రమైనా, రేడియో అయినా, ఫోన్ సందేశమైనా సరైన వారంలో చెప్పాలి. కరువు సాయాన్ని మొత్తం వాన లెక్కతో కాక, పంట ఏ దశలో ఎండిందన్న లెక్కతో తేల్చాలి. జిల్లా సగటు వాన నిండుగా కనబడిన ఏడు కూడా కాయ ఊరే మూడు వారాలు ఎండితే ఆ చేను పోయినట్టే. శాస్త్రం ఈ మాట చెప్పి నలభై ఏళ్లయింది.

నాలుగు రాష్ట్రాలు పంచుకున్న నీటిని కాలువల వెంట మహానగరానికి చేర్చగలిగాం. అరవై కిలోల మంచి గింజను నెల ముందుగా పక్క ఊరికి చేర్చడం అంతకంటే కష్టమైన పని కాదు. చేయకపోతే ఆ తప్పు వానది కాదు.